ముందు చేరిన పేరా

ఆ రోజు పొద్దున్న ల్యాబుకి వస్తూనే ఐరీన్ వుకోవిచ్ ఒక అట్టముక్క మీద "హ్యాండ్‌బుక్" అని రాసి, కంప్యూటరు గది తలుపు కొక్కేనికి తగిలించింది. కోల్టర్ ఇన్‌స్టిట్యూట్ రెండో అంతస్తులో ఆ కొక్కేనికి ఒక కట్టుబాటు ఉంది. దానికి ఏ ఫైలు పేరు వేలాడుతుంటే ఆ ఫైలుని ఆ రోజు ఎవరూ ముట్టుకోరు. మెన్లో పార్కులో అది 1972 మార్చి. లోపలి యంత్రం ఒక్కటే. దానికి తగిలించిన తెరలు మాత్రం గదికొకటి ఉన్నాయి. ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని ఒకే ఫైలులో రాసుకోవచ్చు కాబట్టి, ఎవరి చెయ్యి ఎప్పుడు దేనిమీద పడుతుందో చెప్పలేం. అందుకే ఆ కొక్కెం.

హ్యాండ్‌బుక్ అంటే ఆ యంత్రాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం. అది కాగితం మీద లేదు, యంత్రంలోనే ఉంది. అందులో ప్రతి పేరాకీ ఒక నంబరు. చదువుతూండగా మధ్యలో "6సి చూడండి" అని వస్తే పేజీలు తిప్పే పని లేదు. మౌసుని కదిపి, తెర మీద పాకే చిన్న గుర్తుని ఆ మాట మీదికి తెచ్చి మీట నొక్కితే 6సి పేరా వచ్చి ఎదుట నిలబడుతుంది. ఆ గుర్తుని ల్యాబులో అందరూ పురుగు అనేవాళ్ళు. ఇలాంటి లంకెలు పుస్తకం నిండా ఉన్నాయి. పేరాలు రాసిందీ, లంకెలు వేసిందీ ఐరీనే. అంతకుముందు ఆమె సన్నీవేల్‌లో ఒక విమానాల కంపెనీకి రిపేరు పుస్తకాలు రాసేది.

ల్యాబుకి డబ్బిచ్చేది వాషింగ్టన్‌లోని ఒక ఆఫీసు. అక్కడినుంచి ఆ మధ్యాహ్నం ఒకాయన వస్తున్నాడు, నేవీలో పని చేసి రిటైరైన కమాండర్ ఎల్‌వుడ్ ప్రెంటిస్. పుస్తకం తెర మీదే ఉండాలా, అచ్చు వేయించి పంచాలా అన్నది ఆయన తేల్చాలి. అచ్చు అంటే ఆ పని వాషింగ్టన్‌లోనే చేసుకుంటారు. అప్పుడు ఐరీన్ ఉద్యోగం జూన్‌తో ఆఖరు.

ల్యాబు పెద్ద డాక్టర్ హోబర్ట్ లాన్సింగ్ గుమ్మంలో నిలబడి మళ్ళీ చెప్పాడు.

"నువ్వు చూపించు, ఆయన చూస్తాడు. అంతే. మౌసు మాత్రం ఆయన చేతికివ్వకు. ఇచ్చావో, కొంప మునిగిందే."

"అడిగితే?"

"అడగడులే. కమాండర్లు చెయ్యరమ్మా, చేయిస్తారు. అన్నట్టు నంబర్లు దాచెయ్. అన్ని నంబర్లు చూస్తే మనిషి బెదిరిపోతాడు."

పేరాల పక్కన నంబర్లు కనిపించకుండా చేసే మీట ఒకటి ఉంది. ఐరీన్ నొక్కింది. యంత్రం పొద్దున్నంతా ఆగిపోతూ, మళ్ళీ లేస్తూ ఉండటంతో లంకెల్ని మరోసారి సరిచూసుకునే వీలు దొరకలేదు. ముందురోజు సాయంత్రం చూసినప్పుడు అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

భోజనం వేళకి గ్లెన్ ఒకామోటో సాండ్‌విచ్ పొట్లంతో వచ్చి నేల మీద గోడకి చేరబడ్డాడు. యంత్రంలో పేరాలు నడిపే ప్రోగ్రాములో సగం అతను రాసిందే. చెప్పులు తన గదిలోనే వదిలేసి తిరుగుతాడు.

"ఏం తల్లీ, ముహూర్తం ఎన్నింటికి?"

"రెండింటికి. ఆయన వచ్చేసరికి కాళ్ళకి ఏవైనా వేసుకో నాయనా. నేవీ మనిషి."

"నేవీవాళ్ళు ఓడ డెక్కు కడిగేది ఒట్టికాళ్ళతోనే." అతను ఆమె బల్ల మీది సీసాలోంచి ఎండు ఆప్రికాట్లు రెండు తీసుకున్నాడు. కూపర్టినోలో ఐరీన్ తండ్రికి తోట ఉండేది. ఇప్పుడు మిగిలింది ఇంటి వెనక రెండు వరసల చెట్లే. వాటి కాయల్ని ఆమె ఏటా ఎండబెట్టి తెస్తుంది. "ఇవాళ నీకో బహుమానం ఉందిలే. తర్వాత చూస్తావు."

"ఏమిటది?"

"చెబితే బహుమానమెలా అవుతుంది?"

ఐరీన్ పట్టించుకోలేదు. అతని బహుమానాలు ఆమె ఎరుగును. కిందటి పుట్టినరోజుకి, ఏ మీట నొక్కినా తెర మీద కేకు వచ్చేలా చేశాడు. దాన్ని వదిలించుకోవడానికి ఒక పూట పట్టింది.

ఆ భోజనాల దగ్గర అతను పాత వాదన తీయకపోవడం మాత్రం ఆమె గమనించింది. పుస్తకం తలకట్టులో డాక్టరు గారి పేరు, ఇన్‌స్టిట్యూట్ పేరు ఉన్నాయి. "రాసిన మనిషి పేరేదీ?" అని గ్లెన్ నెలరోజులుగా లాన్సింగ్‌తో గొడవ పడుతున్నాడు. ఇది అందరిదీ అని లాన్సింగ్ అంటాడు. ఏ పేరా ఎవరిదని అడిగినా యంత్రం రాసినవాళ్ళ పొడి అక్షరాలు చూపిస్తుంది కదా, ఇంకేం కావాలి అంటాడు. ఐరీన్‌నడిగితే, "రిపేరు పుస్తకం మీద ఎవరి పేరుంటుంది? రెక్క ఊడకపోతే అదే పదివేలు" అనేది. అలా అన్న రోజు ఆమె గ్లెన్ ముఖం వైపు చూడలేదు.

ప్రెంటిస్ చెప్పిన వేళకే వచ్చాడు. పొడుగు మనిషి, బూడిదరంగు సూటు. కుడిచెయ్యి కొంచెం వణుకుతుంది. ఆప్రికాటు ఒకటి నోట్లో వేసుకుని, "ఇది కొన్నది కాదు" అన్నాడు.

"మా పెరట్లోదండీ."

ఐరీన్ పుస్తకం మొదటినుంచి కాకుండా, "రాయడం" అనే మాట వెతికి అక్కడికి దూకి మొదలుపెట్టింది. ఒక పేరా రాసింది, దాన్ని కిందికి జరిపింది, రెండుగా విడగొట్టింది. లాన్సింగ్ వెనక నిలబడి వివరించాడు. ప్రెంటిస్ కాసేపు విన్నాడు.

"నేను కూర్చోవచ్చా?" అన్నాడు.

"ముందు మొత్తం చూస్తే బావుంటుందేమోనండీ..." అన్నాడు లాన్సింగ్.

"చూడటానికైతే ఫోటోలు పంపేవాళ్ళు గదా. అంత దూరంనుంచి రావడమెందుకు?"

ఐరీన్ కుర్చీ ఖాళీ చేసి పక్క కుర్చీలో కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. అది ఆ ల్యాబు మర్యాద. తెర ఇంకొకరికి వదిలినప్పుడు మౌసు మీదా మీటల మీదా చెయ్యి ఉండకూడదు. ఒళ్ళో చేతులుంటే, ఇప్పుడిది నీది అని అర్థం. అలా చెయ్యకపోతే ఇద్దరి చేతులూ ఒకే వాక్యాన్ని చెరోవైపుకీ లాగుతాయి.

ప్రెంటిస్ మౌసుని పట్టుకున్నాడు. పురుగు తెర మీద తడబడుతూ పాకింది.

"సరే. నేను రిపోర్టు రాశాను. పొరపాటున చెరిపేశాను. ఇప్పుడేం చెయ్యాలి?"

"అక్కడే కింద ఉందండీ. 'పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి 6సి చూడండి.' దాని మీద పెట్టి నొక్కండి."

ఆయన పెట్టాడు. నొక్కాడు. తెర మారింది. ఆయన పైకి చదివాడు.

"'కాగితం చిక్కుకుంటే లాగవద్దు. కింది మూత తెరవండి.'" ఆగాడు. "నా రిపోర్టు ప్రింటరులో ఇరుక్కుందా?"

లాన్సింగ్ నవ్వాడు. ఐరీన్ నవ్వలేదు. అది 5సి. ఆ పేరా ఆమెకి కంఠతా వచ్చు.

"ఇంకోటి చూద్దాం," అన్నాడు ప్రెంటిస్. వెనక్కి వెళ్ళి ఇంకో లంకె పట్టుకున్నాడు. "'యంత్రం నుంచి బయటికి వెళ్ళడానికి 2బి చూడండి.'" నొక్కాడు. "'కుర్చీ ఎత్తు సరిచేసుకోండి. పాదాలు నేలకి ఆనాలి.' బయటికి పోయే దారి అడిగితే కూర్చోమంటోంది. మర్యాద తెలిసిన యంత్రమే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రెంటిస్ మౌసు మీదినుంచి చెయ్యి తీసి, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"తప్పు నాదేలెండి. ఈ చెయ్యి ఒక చోట పెడితే ఇంకో చోటికి పోతుంది. మా ఆఫీసులో సగంమంది నా వయసువాళ్ళే. వాళ్ళకి కాగితమే నయమేమో."

"అయ్యో, అదేం లేదండీ. అలవాటు లేకపోవడం వల్లనే," అన్నాడు లాన్సింగ్. "ఐరీన్, మనం మూడో ప్రదర్శనకి వెళ్దామా?"

ఆ రోజుకి సిద్ధం చేసినవాటిలో మూడోదానిలో లంకెలు లేవు. అందులో బొమ్మలు, పట్టికలు ఉన్నాయి. అంతా ఐరీనే నడుపుతుంది, తప్పు జరగడానికి ఆస్కారం లేదు. ప్రెంటిస్ చూసి, బావుందని వెళ్ళిపోతాడు. వెళ్ళి కాగితం కావాలని రాస్తాడు. అలా కాకుండా, పుస్తకమే తప్పని ఇప్పుడు చెబితే, పాడైన పుస్తకానికి ఇంకో ఏడాది డబ్బెందుకని ఆయన అడగవచ్చు. ఎటు చూసినా జూన్ కనిపిస్తోంది.

సన్నీవేల్‌లో ఉండగా ఒకసారి బొమ్మ నంబరు తప్పు పడిన పేజీ చూసుకుని ఒక మెకానిక్కు రెండు పూటలు తిప్పలు పడ్డాడు. చివరికి వచ్చి, "నాకు చదవడం సరిగ్గా రాదమ్మా, ఏమీ అనుకోకండి" అని ఐరీన్‌కే క్షమాపణ చెప్పాడు. ఆ పేజీ రాసింది ఆమె.

"మీరు సరిగ్గానే నొక్కారండీ," అంది ఐరీన్. "తప్పు పుస్తకానిది."

లాన్సింగ్ గొంతు సవరించుకున్నాడు. ఆమె అటు తిరగలేదు.

"మీరు అడిగింది 6సి. మీకొచ్చింది పొద్దున్నటిదాకా 5సి. 2బి అడిగితే 1బి వచ్చింది. అన్నీ ఒక అధ్యాయం వెనక పడుతున్నాయి. అంటే పుస్తకం మొదట్లో ఏదో కొత్తగా వచ్చి చేరింది. ముందొకటి చేరితే ఒకటో అధ్యాయం రెండోది అవుతుంది, అయిదోది ఆరోది అవుతుంది. నంబర్లు తమంతట తాము మారతాయి. లంకెల్లో నేను రాసిన నంబర్లు మాత్రం మారవు."

"వరసలో ముందెవడో దూరాడన్నమాట," అన్నాడు ప్రెంటిస్.

"అంతేనండీ. ఒకసారి ఇస్తారా?"

ప్రెంటిస్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ మర్యాద ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆమెని చూసి పట్టేశాడు. ఐరీన్ నంబర్లు కనబడే మీట నొక్కి, పుస్తకం మొదటికి వెళ్ళింది. తలకట్టు కింద, ఒకటో నంబరుతో, ఆమె ఎన్నడూ చూడని పేరా ఉంది.

ప్రెంటిసే పైకి చదివాడు. "'ఈ పుస్తకంలో ప్రతి పేరా రాసింది ఐరీన్ వుకోవిచ్. అర్థమైతే గొప్ప ఆవిడది. కాకపోతే తప్పు మీది.'" ఆమె వైపు తిరిగాడు. "తప్పు నాదేనట."

ఐరీన్‌కి చెవులు వేడెక్కాయి. పేరా ఎవరిదని యంత్రాన్ని అడిగింది. "జి.ఓ., ఈ ఉదయం" అని వచ్చింది. జి.ఓ. అంటే గ్లెన్ ఒకామోటో. ఉదయం అంటే అతను ఇంటి దగ్గరున్న వేళ. అతని ఇంట్లో ఫోను తీగకి తగిలించిన టైపు యంత్రం ఒకటి ఉంది. ఆఫీసుకి రాకముందే అక్కడినుంచి రాశాడు. అక్కడినుంచి రాసేవాడికి కంప్యూటరు గది తలుపు కనబడదు.

ఆమె ఫోను తీసింది. గదిలో అందరికీ వినపడేలా పెట్టింది.

"గ్లెన్, నా తెర మీదికి రా."

ఆ ల్యాబులో అదీ ఒక వీలు. ఒకరి తెరని ఇంకొకరు తమ గదినుంచే పంచుకోవచ్చు. రెండు క్షణాల్లో తెర మీద రెండో పురుగు పుట్టింది.

"ఓ, బహుమానం చూశావా!" అన్నాడు గ్లెన్.

"చూశాను. కమాండర్ గారూ చూశారు. తప్పిపోయిన రిపోర్టుని వెతుక్కుంటూ ప్రింటరు మూత దగ్గరికి వెళ్ళొచ్చారు."

ఫోనులో మీటలు టకటకా నొక్కిన చప్పుడు వినిపించింది.

"మొదట్లో పెట్టాను," అన్నాడు గ్లెన్. "ఒకటో నంబరు కింద. అయ్యో, నా బుద్ధి కాల్చ! ఆ నంబర్ల ప్రోగ్రాము రాసింది నేనే."

"తలుపుకి అట్ట తగిలించాను కదా?"

"నేను అప్పుడు మా ఇంట్లో పైజమాలో ఉన్నానే తల్లీ. మా ఇంటి తలుపుకి తగిలించావా?"

ప్రెంటిస్ లాన్సింగ్ వైపు చూశాడు. "ఇంత యంత్రం పెట్టుకుని, ముట్టుకోవద్దన్న మాట మాత్రం అట్ట మీద రాసి తలుపుకి తగిలిస్తారా?"

"అది... కట్టుబాటండీ," అన్నాడు లాన్సింగ్.

"మా ఓడల్లోనూ ఉండేవి, ఇలాంటివే."

ఐరీన్ ఫోనుకి దగ్గరగా వంగింది. ఆ ల్యాబులో ఒకరు రాసిన పేరాని ఇంకొకరు చెరపకూడదు. రాసినవాళ్ళే తీయాలి. "గ్లెన్, అది నీది. తీసెయ్యి. తీసేస్తే అన్నీ వాటి చోటికి వస్తాయి."

"తియ్యను."

"గ్లెన్."

"తియ్యను. నేను రాశాను, నిజమే రాశాను. డాక్టరు గారూ, మీరూ వింటున్నారుగా? నేను తియ్యను."

లాన్సింగ్ కిటికీలోంచి రైలు పట్టాల వైపు చూస్తున్నాడు. "అది అందరి పుస్తకం గ్లెన్," అన్నాడు, మునుపటంత గట్టిగా కాదు.

"తీయక తప్పదా?" అని అడిగాడు ప్రెంటిస్. "ఇంకో చోట పెడితే?"

ఐరీన్ ఆలోచించలేదు, జవాబు ఆమెకి తెలుసు. "చివర పెడితే ఏదీ కదలదు. దాని వెనక ఏమీ లేదు కాబట్టి."

"చివర ఎవడు చదువుతాడు?" అన్నాడు గ్లెన్.

"జరుపు నాయనా. ఆయన రిపోర్టు ఇంకా దొరకలేదు."

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. గ్లెన్ పురుగు మొదటి పేరా మీదికి పాకి, అక్కడ కొంచెంసేపు ఆగింది. తర్వాత పేరా మాయమై పుస్తకం అట్టడుగున తేలింది. పైన నంబర్లన్నీ ఒక్కసారి సర్దుకున్నాయి. రెండోది మళ్ళీ ఒకటోదయింది, ఆరోది అయిదోదయింది.

"ఇప్పుడు చూడండి," అంది ఐరీన్.

ప్రెంటిస్ మౌసు పట్టుకున్నాడు. చెయ్యి వణికింది. పురుగు 6సి ని దాటిపోయి, వెనక్కి వచ్చి, దాని మీద కూర్చుంది. నొక్కాడు. "'పోయిన పేరాని తిరిగి తెచ్చుకోవడం,'" అని చదివాడు. అక్కడితో ఊరుకోలేదు. తనే రెండు వాక్యాలు రాసి, చెరిపి, పుస్తకం చెప్పినట్టు మీటలు నొక్కాడు. వాక్యాలు తిరిగొచ్చాయి. ఆయన వాటిని మళ్ళీ చెరిపి మళ్ళీ తెచ్చుకున్నాడు. లాన్సింగ్ గడియారం చూసుకున్నాడు. మూడో ప్రదర్శన ఊసు ఎవరూ ఎత్తలేదు.

"రేపు ఇంకొకరెవరో ముందు ఏదో పెడతారు," అన్నాడు ప్రెంటిస్ చివరికి. "అప్పుడు?"

లాన్సింగ్ కట్టుబాట్ల గురించి మొదలుపెట్టాడు. ప్రెంటిస్ ఐరీన్ వైపు చూస్తున్నాడు.

"ఈ నంబరు పేరా ఎక్కడుందో చెబుతుందండీ," అంది ఆమె. "ఏ పేరానో చెప్పదు. నేను చోటుకి లంకె వేశాను. పేరాకే వెయ్యాల్సింది."

"ఓడ ఏ రేవులో ఏ చోట నిలబడినా దాని ఒంటి మీది నంబరు మారదు," అన్నాడు ప్రెంటిస్. "మీ పేరాలకి అలాంటిది లేదా?"

ఫోనులో గ్లెన్ నాలుక చప్పరించాడు. ఇంకా అక్కడే ఉన్నాడని అందరూ మరిచిపోయారు. "పెట్టొచ్చు. పుట్టినప్పుడే ఒక నంబరు. ఎక్కడికి జరిపినా అదే. పేరా చచ్చినా దాన్ని ఇంకొకదానికి ఇవ్వం. కొన్ని వారాల పని."

"ఆ పనయ్యాక నాకు చెప్పండి," అన్నాడు ప్రెంటిస్. సూటు సర్దుకుని లేచాడు. "పుస్తకం ఏడాదిపాటు తెర మీదే ఉంచండి. కాగితం ప్రతి కూడా ఒకటి కావాలి. మా ఆఫీసులో తెరలు రెండే ఉన్నాయి. అదీ ఈవిడే తయారుచెయ్యాలి. కుర్చీ ఎత్తు సంగతి వదిలిపెట్టకండి. అది నాకు పనికొచ్చింది." గుమ్మం దగ్గర ఆగి, సీసాలోంచి ఇంకో ఆప్రికాటు అడిగి తీసుకున్నాడు.

గ్లెన్ సాయంత్రం దాకా రాలేదు. వచ్చినప్పుడు కాళ్ళకి బూట్లున్నాయి.

"ఎవరికోసమివి?" అంది ఐరీన్. "ఆయన ఎప్పుడో విమానం ఎక్కేశాడు."

"నీకోసమే. తిట్టేటప్పుడు మర్యాదగా ఉంటుందని."

"తిడతాననుకున్నావా?"

"తిట్టవా?"

ఆమె సీసా అతనివైపు జరిపింది. "కాకపోతే తప్పు మీది, అని ఎందుకు రాశావురా? పుస్తకం మీద అలా రాస్తారా ఎవరైనా?"

"తమాషాకి."

"ఆ మాట తీసెయ్. తక్కినది నీ ఇష్టం."

పుట్టు నంబర్ల పని ఏప్రిల్ నడిమికి అయింది. ప్రతి పేరాకీ ఒకటి వచ్చింది. ఐరీన్ కూర్చుని లంకెలన్నిటినీ కొత్త నంబర్లకి మార్చింది. అన్నీ మార్చాక పరీక్ష మిగిలింది. పుస్తకం ముందు ఏదో ఒకటి చేర్చి, లంకెలు నిలుస్తాయో లేదో చూడాలి. లాన్సింగ్ వెనక నిలబడ్డాడు. గ్లెన్ తన గదినుంచే ఆమె తెర మీదికి వచ్చాడు.

"ఏం చేర్చమంటావు?" అని ఫోనులో అడిగింది ఐరీన్.

"ఏదైనా సరే. చివర ఒకటి ఊరికే పడుంది చూడు."

అతని పురుగే చివరికి పాకి, ఆ పేరాని పట్టుకుని మొదటికి తెచ్చింది. ఇప్పుడు అందులో మొదటి వాక్యం ఒకటే ఉంది. దాని కింద పేరాల వరస నంబర్లన్నీ మారాయి. ఐరీన్ "రాయడం" దగ్గరికి వెళ్ళి, పోయినదాన్ని తిరిగి తెచ్చుకునే లంకె నొక్కింది. సరైన పేరా వచ్చింది. బయటికి వెళ్ళే లంకె నొక్కింది. బయటికి వెళ్ళే దారి వచ్చింది. మరికొన్ని నొక్కింది. ఏదీ తప్పలేదు.

"నిలిచింది," అన్నాడు లాన్సింగ్. "పరీక్ష అయిపోయింది కదా. ఆ పేరా..."

లాన్సింగ్ మాట పూర్తి చెయ్యలేదు.

ఐరీన్ పుస్తకం మొదటికి వెళ్ళింది. తలకట్టు కింద ఆమె పేరు ఉంది. గ్లెన్ పురుగు కూడా అక్కడే, పేరా పక్కన ఆగి ఉంది. ఆమె మౌసు మీదినుంచి చెయ్యి తీసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

పురుగు కదల్లేదు. కొంతసేపటికి గ్లెన్ ఆ పేరాని అక్కడే ఉంచి తన తెర కట్టేసుకున్నాడు.